బావగారికి అంటుకున్న తిమ్మిరి

డాక్టర్లందరూ ఇక దుకాణాలు కట్టేసుకోవచ్చు! ఇది మా బావగారి తీర్మానం. నేను రెండు చేతులూ ఎత్తి బలపరుస్తున్నాను. జేబులో ఫోన్, ఫోన్లో ఇంటర్నెట్, ఇంటర్నెట్లో సకల రోగాలూ ఉండగా, టోకెన్ పుచ్చుకుని బల్లమీద పడిగాపులు పడాల్సిన ఖర్మ మనకేమిటండీ?

బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. రిటైరయ్యేనాటికి ఆయనకున్నవి తుమ్ములు మాత్రమే. ఫోన్ కొన్న ఏడాదికల్లా జబ్బులు పద్దెనిమిదయ్యాయి. ఇంత అభివృద్ధి ఏ ఆస్పత్రి సాధించగలదు? పొద్దున ఆవలిస్తే థైరాయిడ్, మధ్యాహ్నం ఆవలిస్తే లివర్, వీధి చివరిదాకా నడిచి రొప్పితే గుండె. మనిషికి క్షణం తీరిక లేదు.

పైగా ఫోన్ విసుక్కోదు. ఒకే ప్రశ్న నలభైసార్లడిగితే నలభై జవాబులిస్తుంది. మనకి నచ్చింది ఏరుకోవడమే!

ఈమధ్య మా అక్క కూరలు తరుగుతూ, "ఏమండీ, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది, కత్తి పట్టు దొరకట్లేదు" అంది.

"ఉండు, చూస్తా" అని ఆయన ఫోన్ తీశారు. ఒక పేజీ చదివారు. ఇంకోటి చదివారు. మూడో పేజీకి ఆయన చెయ్యి తిమ్మిరెక్కింది! ఆలుమగలు కష్టసుఖాలు పంచుకోవాలంటారే, ఇంతకంటే ఏం పంచుకుంటారు చెప్పండి? పాపం అక్క, తరుగుతున్నది పక్కనపెట్టి ఆయన చేతికి నూనె రాసింది. మూడు వారాలపాటు రాస్తూనే ఉంది.

చివరికి బావగారు డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరారు. జబ్బేమిటో తనకి తెలుసు కాబట్టి, మందు రాయించుకోవడానికి మాత్రమే. ప్రింట్లు తీసిన కాగితాల ఫైలు అక్క మోసింది. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ ముందు ఆయన ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా ఫైలు అక్క చేతిలోంచి జారింది. కాగితాలన్నీ నేలపాలు. ఏరబోతే ఒక్కటీ వేళ్ల మధ్య నిలవలేదు.

"జాగ్రత్తే, పేజీలు కలిసిపోతాయి!" అన్నారు బావగారు.

డాక్టరమ్మ ఆయన్ని ఆగమని, అక్కవైపు తిరిగింది. "ఎన్నాళ్లనుంచమ్మా ఇలా?"

"నెల కావొస్తోందమ్మా. ఇంట్లో అప్పుడే చెప్పాను."

స్కానింగులో తేలింది, మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందని. ఆపరేషన్ చెయ్యాలట. ఇంకా నాన్చితే ఆ చేతికి పట్టు తిరిగొచ్చేది కాదట. బావగారి చెయ్యి మాత్రం నిక్షేపంలా ఉందట!

నాకు ఒళ్లు మండిపోయింది. వరండాలోకి రాగానే కడిగిపారేశాను. "ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి పట్టుకుని ఒక్కసారి చూడటానికి మీకు ఇంటర్నెట్ కావాల్సొచ్చిందా బావగారూ?"

అక్కే అడ్డొచ్చింది.

"ఆయన్ననకురా. నీకూ ఫోన్ చేసి చెప్పానుగా."

చెప్పింది, నిజమే. నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదండీ. 'చేతి తిమ్మిరికి పది చిట్కాలు' అని ఏదో వీడియో కనబడితే, చూడకుండానే అక్కకి పంపించాను.