సోమవారం ఫైలు, గురువారం ఫైలు

ఆ సోమవారం పొద్దున రంగనాయకులు మాస్టారి పథకం ఇడ్లీ అంత మెత్తగా ఉంది. బాపట్ల నుంచి నాగమల్లేశ్వరరావుగారు సోమవారాలు మాస్టారింటికి వస్తారు. రేపల్లె నుంచి ఆండాళమ్మగారు గురువారాలు వస్తారు. మాస్టారి కొత్త నాటకాన్ని ఎవరికి వాళ్లు చదువుకుని, ఎవరి నాటక సమాజంతో వాళ్లు ఆడతారు. ఒకరికి ఇచ్చినట్టు ఇంకొకరికి తెలియకూడదు. తెలిస్తే ఇద్దరూ నాటకం మొహాన కొట్టి పోతారు. తొమ్మిదేళ్లుగా మాస్టారి నాటకం ఒక్కటీ స్టేజీ ఎక్కలేదు. ఇదీ ఎక్కకపోతే ఇక కలం ముట్టనని భార్య ముందు ఒట్టేశాడు.

ఆ ఇద్దరి గొడవ తెనాలిలో నాటకం చూసే ప్రతివాడికీ తెలుసు. పద్దెనిమిదేళ్లు స్టేజీ మీద మొగుడూ పెళ్లాలుగా వేశారు. ఒక పోటీలో ఆయన డైలాగు మర్చిపోతే ఆవిడ మెల్లగా అందించింది. మైకు పట్టేసింది. హాలంతా నవ్వింది. కావాలనే చేసిందని ఆయన, అందించినందుకు ఇదా అని ఆవిడ. పదకొండేళ్లుగా మాటల్లేవు.

నాటకం ఉన్నది మాస్టారి భార్య మాధవీలత కంప్యూటర్లో. ఆమె జాకెట్లు కుడుతుంది. కుట్టడం అయ్యాక కెర్నెల్ రాస్తుంది. కెర్నెల్ అంటే కంప్యూటర్ లోపల కూర్చుని పెత్తనం చేసే ప్రోగ్రాం. ఏ ఫైలు ఎక్కడుండాలో అది చెప్పాల్సిందే. ఇంటర్‌తో ఆగిపోయిన ఆడమనిషి ఇదెలా రాస్తుందని అడిగేవాళ్లున్నారు. రాస్తుంది, తప్పు పోతే దిద్దుకుంటుంది. పెద్ద చదువులవాళ్లు చేసేదీ అదే, కాకపోతే జీతం తీసుకుని చేస్తారు.

మూడు నెలలు తన్నుకుని, ముందురోజే ఆమె 'లింక్' పూర్తిచేసింది. మిగతా ప్రోగ్రాములు కెర్నెల్‌ని పని అడిగే పిలుపుల్లో అదొకటి. సిస్టమ్ కాల్ అంటారు. లింక్ చేసే పని, ఉన్న ఫైలుకే ఇంకో పేరు పెట్టడం. పుట్టింట్లో బుజ్జి, అత్తింట్లో పెద్దకోడలు. మనిషి మాత్రం ఒకతే. పేరు తీసెయ్యడానికి 'అన్‌లింక్'. ఎన్ని పేర్లున్నాయో కెర్నెల్ గుర్తుపెట్టుకుంటుంది. ఆఖరి పేరు పోయాకే ఫైలు పోతుంది.

"ఇద్దరికీ చెరో కాపీ తియ్యి మాధవీ," అన్నాడు మాస్టారు.

కాపీ తీసే ప్రోగ్రాం ఆమె ఇంకా రాయలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పైగా లింక్ చేతిలో కొత్తగా ఉంది.

"చదవడానికేగా?"

"చదవడానికే."

ఒకే నాటకానికి 'సోమవారం' అనీ 'గురువారం' అనీ రెండు పేర్లు పెట్టేసింది. చూసేవాళ్లకి రెండు ఫైళ్లే.

నటులు చదివి ఊరుకుంటారని నమ్మడం మాస్టారూ మాధవీలతా చేసిన తప్పు. నాటకం చివర సాంబయ్య అలిగి గడప దాటి పోతాడు, భార్య చూస్తూ నిలబడుతుంది. అంతే. నాగమల్లేశ్వరరావుగారికి అది చాల్లేదు. సాంబయ్య నోట్లో ఒక ముక్క పెట్టి బాపట్ల బండెక్కాడు: "నా తప్పేం లేదు."

గురువారం ఆండాళమ్మ వచ్చింది. ఆ ముక్క చూసింది, మాస్టారే రాశాడనుకుంది. భార్య చేత సమాధానం చెప్పించింది: "తప్పు లేనివాడివి గడప దగ్గర నిలబడ్డావేం?"

తర్వాతి సోమవారం నాగమల్లేశ్వరరావుగారు కుర్చీలోంచి లేచాడు. "ఏమయ్యా మాస్టారూ, నా కాపీలో వేలు పెడతావా?"

మాస్టారు వంటింట్లోకి పరిగెత్తాడు. మాధవీలత అప్పటికే సంగతి అర్థమై పొయ్యి ఆర్పేసింది.

"ఏంటి మాధవీ ఇది?"

"రెండూ ఒకటేనండీ. ఈయన దిద్దింది ఆవిడకీ, ఆవిడ దిద్దింది ఈయనకీ కనిపిస్తుంది."

"విడదీసెయ్యి!"

"ఒక పేరు తీసేస్తే ఒకళ్లకి నాటకమే ఉండదు. కాపీ ప్రోగ్రాం రాయాలి. టైం పడుతుంది."

మాస్టారు బయటికొచ్చి, మెడ వంచి చెప్పాడు. "నేనే రాశానండీ. కోపం తెచ్చుకోకండి."

"పౌరుషం బాగానే ఉంది. అయితే నా సమాధానం చూడు," అని కూర్చున్నాడాయన.

అక్కణ్ణుంచి ప్రతి సోమవారం ఒక తిట్టు, ప్రతి గురువారం ఒక ఎదురుతిట్టు. "ఏవయ్యా మాస్టారూ, ఆడదాన్ని అంత మాటనిపిస్తావా?" అని ఆండాళమ్మ. "నేనేనండీ, బుద్ధి తక్కువై," అని మాస్టారు. తను రాయని తిట్లకి వారానికి రెండుసార్లు క్షమాపణ చెప్పి చెప్పి మనిషి చిక్కిపోయాడు. అరపేజీ సీను పదకొండు పేజీలైంది. సాంబయ్య ఇంకా గడప దాటలేదు.

ఆరో సోమవారం నాగమల్లేశ్వరరావుగారు చాలాసేపు కూర్చుని ఒక్క వాక్యం రాశాడు: "నలుగురిలో నా మాట నువ్వు అందించావు, అది నాకు నామోషీ అయింది."

గురువారం ఆండాళమ్మ అది చదివింది. మళ్లీ చదివింది. కాఫీ చల్లారిపోయింది. నాలుగు మాటలు టైపు కొట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సోమవారానికి కాపీ ప్రోగ్రాం సిద్ధమైంది. కుట్టాల్సిన జాకెట్లు పక్కన పడేసి మరీ పూర్తిచేసింది మాధవీలత. ఈపూటతో రెండూ విడదీద్దామనుకుంటుండగానే నాగమల్లేశ్వరరావుగారు వచ్చి కూర్చున్నాడు. తెర మీద భార్య అంటోంది: "నువ్వు ఆగిపోతే నాకు ఊపిరాడలేదు. మైకు ఎవరికి గుర్తుంది?"

ఆయన కళ్లజోడు తీశాడు.

"మాస్టారూ, ఇది నువ్వు రాయలేదు."

"నేనేనండీ..."

"ఛ, ఊరుకో. ఆ రోజు స్టేజీ మీద నువ్వు లేవు."

తలుపు చప్పుడైంది. ఆండాళమ్మ. గురువారం కాదు, సోమవారం. తెర మీద తన ఫైలు పక్కన ఆ పేరు కూడా చూసినట్టుంది. మాస్టారు పెరట్లోకి మాయమయ్యాడు.

మాధవీలత ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. "బాబాయిగారూ, పిన్నిగారూ, తప్పు నాది. ఆయన్నేం అనకండి. ఇద్దరికీ ఒకే ఫైలు ఇచ్చాను. ఇప్పుడే విడదీసేస్తా, చిటికెలో పని." కీబోర్డు మీద చెయ్యేసింది.

"ఆగమ్మా!" అన్నారిద్దరూ.

ఆండాళమ్మ కుట్టుమిషను పక్కనున్న స్టూలు లాక్కుంది.

"పదకొండో పేజీలో మీ డైలాగు పొడుగైందండీ," అంది. "మర్చిపోతారు."

"మర్చిపోతే నువ్వున్నావుగా ఆండాళూ. ఈసారి గట్టిగానే అందించు."

నాటకం స్టేజీ ఎక్కింది. రెండు సమాజాలు కలిసి ఒక్కసారే ఆడాయి. సాంబయ్య గడప దగ్గర్నుంచి వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ సీనులో మాస్టారు రాసిన ముక్క ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక ఆయన మొహం చూసి మాధవీలత కంప్యూటర్ ముందు కూర్చుంది. అదే ఫైలుకి మూడో పేరు పెట్టింది: 'ఆదివారం'.

"ఇది మీది. మీక్కూడా దిద్దే హక్కుంది."

స్టేజీ ఎక్కింది తన నాటకమో కాదో తేలకపోయినా, మాస్టారు ఒట్టు సంగతి ఎత్తకుండా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

కాపీ తీసే ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.