గోడకాగితం మీద డిస్టెంపరు

మధ్యాహ్నం లోపల నాయన గదికి డిస్టెంపరు వేయించాలి, అంతవరకూ నాయన ప్రాణం పోకుండా చూసుకోవాలి. పందొమ్మిది వందల డెబ్బైయెనిమిది వైశాఖంలో ఒక సోమవారం పొద్దున మదనపల్లె గంగులప్ప వేసుకున్న పథకం ఇంతే.

కొడుకు వెంకటేశులుకు ముప్పైనాలుగేళ్లు నిండాయి. అంతవరకూ వచ్చిన సంబంధాలన్నీ కాఫీ తాగి లేచిపోయినవే. ఎట్టకేలకు కుప్పం మునస్వామి పిల్లనిస్తానన్నాడు. ఇల్లు చూసి తాంబూలాలు పుచ్చుకోవడానికి ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు. ఇటు చూస్తే ఎనభైఆరేళ్ల నారాయణప్పకు డాక్టరు వారం గడువిచ్చి అప్పుడే నాలుగు రోజులయింది. పెద్దాయన పోతే ఏడాదిపాటు ఇంటి గోడకు సున్నం తగలకూడదు, వాకిట్లో పెండ్లిమేళం మోగకూడదు. మునస్వామి ఏడాది ఆగే మనిషి కాదు.

నారాయణప్ప వయసులో ఉన్నప్పుడు హార్స్లీ హిల్స్ మీద ఒక దొర బంగళాలో వంట చేసేవాడు. దొర దేశం విడిచిపోతూ ఎనిమిది చుట్టల గోడకాగితం ఇచ్చిపోయాడు. ఆకుపచ్చ తీగలు, వాటికి ఏ దేశంలోనూ పూయని ఎర్రటి పూలు. నారాయణప్పే మైదా గంజి కాచి తన గదంతా అతికించుకున్నాడు. ఆ పూలను నమ్మి ఒక తేనెటీగ మూడు రోజులు గోడ మీదే కూర్చుని ఆకలితో చచ్చిందని కనిపించినవాళ్లకల్లా చెప్పేవాడు. ముప్పైఏళ్లకు ఆ పూలు నల్లగా బూజెక్కి, గోడకు గజ్జి లేచినట్టు ఉబ్బిపోయాయి.

శుక్రవారం రావలసిన పెయింటరు షంషుద్దీన్ సోమవారం ఎనిమిదికి వచ్చాడు. గోడను వేలితో తట్టి పెదవి విరిచాడు.

"ఈ కాగితం పీకల్ల అప్పా. దీని మింద కొడితే నిలబడదు. గంజి నానిపోతాది."

"పీకాలంటే ఎంతసేపు?"

"రెండ్రోజులు. దాంతోపాటే కిందుండే సున్నం గూడా రాలిపోతాది."

"వాళ్లు మధ్యాన్నం బస్సుకు వస్తాండారు రా సామీ! కాగితం మిందనే కొట్టు."

మంచంలోంచి పెద్దాయన గొంతు లేచింది. "నా పూల మింద సెయ్యి యేసేది ఎవుర్రా?"

"పీకేది ల్యా నాయనా. పైన తెల్లగా కొడతామంతే."

"అంటే పీక పిసక్కుండా పూడ్సిపెడతారు, అంతేనా?"

మంచం కదిలిస్తే ఉన్న ఊపిరి కాస్తా పోతుందని గంగులప్ప భయం. అందుకే గోడ పక్కనున్న మంచాన్నీ, మంచంలోని తండ్రినీ అట్లాగే ఉంచి పని మొదలుపెట్టించాడు. పదిన్నరకు గోడ పాలలా మెరిసింది. పదకొండుకు ఆ గోడ ఒకసారి గుండె నిండా గాలి పీల్చుకుంది. షంషుద్దీన్ "యా అల్లా" అనేలోపల కాగితం పై అంచు నుంచి ఒక్క ముక్కగా ఊడి, తడి డిస్టెంపరుతో సహా నారాయణప్పను తల నుంచి కాళ్ల దాకా కప్పేసింది. దాని కింద కదలిక లేదు.

ముగ్గురూ కలిసి కాగితం చీల్చి పెద్దాయనను బయటికి లాగారు. ఊపిరి ఉంది. కళ్లలో, ముక్కులో డిస్టెంపరు ఉంది. మోసుకెళ్లి వీధి అరుగు మీద పడుకోబెట్టారు. వెంకటేశులు బిందెలతో నీళ్లు తెస్తుంటే, గంగులప్ప తండ్రిని తల మీదుగా కడిగి, చేతికందిన కొత్త తెల్లపంచె ఒంటికి చుట్టాడు.

ముసలాయనను వీధిలో పడుకోబెట్టడం, కొడుకు బిందెతో నీళ్లు పోయడం, తెల్లబట్ట కప్పడం ఎదురింటి బయ్యమ్మ చూసింది. ఇంక ఆమెకు ఒకరు చెప్పాలా? బయ్యమ్మ గొంతెత్తితే పుంగనూరు సంతలో ఎద్దులు చెవులు రిక్కిస్తాయని వాడుక.

"అయ్యో మామా! పోతివా మామా!"

"పోలేదు బయ్యమ్మా! బాగుండాడు!" అని గంగులప్ప అరిచాడు.

"కన్నకొడుకు గదా, మనసొప్పుకోల్యా పాపం," అని ఆమె మరింత గట్టిగా ఏడ్చింది.

వీధి నిండిపోయింది. ఒకరికి నచ్చజెప్పి పంపేలోగా ఇద్దరు కొత్తగా వచ్చి ఏడ్చారు. పుంగనూరు బస్సెక్కిన ఒకాయన ఆ కబురును కూడా వెంట తీసుకుపోయాడు. ఈ గోల నడుమ, చన్నీళ్లకూ అరుగు మీది గాలికీ నారాయణప్పకు మాత్రం నెలరోజుల తర్వాత కమ్మగా నిద్ర పట్టింది.

ఒంటిగంటన్నరకు మునస్వామి దిగాడు. పుంగనూరులో బస్సు మారేటప్పుడే కబురు విని, తాంబూలం సంచిలో దాచేసి, బస్టాండులో ఒక పూలదండ కొన్నాడు. దాన్ని ముసలాయన కాళ్ల మీద పెట్టి, గంగులప్ప భుజం పట్టుకున్నాడు.

"ఏడవొద్దప్పా, పుణ్యాత్ముడు. ఉండేమాట చెప్తాండా, ముసలాయనకు చాకిరీ చెయ్యల్లనే మా ఆడోళ్లు పిల్లనిచ్చేదానికి ఎనకాడినారు. ఇంగ ఆ బాధ ల్యా. మూడు నెల్ల లోపల పెండ్లి చేస్తే దోషం లేదంటాడు మా అయ్యోరు. మాట ఖాయం చేసుకుందామా?"

తండ్రి బతికే ఉన్నాడని చెప్పడానికి గంగులప్ప నోరు తెరిచాడు. వెంకటేశులు ముఖం చూశాడు. నోరు మూసుకుని తలాడించాడు.

"కాళ్ల మింద దండేసేది యా ఊరి మర్యాద రా?" అంటూ నారాయణప్ప లేచి కూర్చున్నాడు.

మునస్వామి మూడు మెట్లు ఒక్క అంగలో దిగాడు. "ఇదేంది గంగులప్పా?"

"ఇప్పుడే... లేసినాడు."

"ఎన్నాళ్లుంటాడు ఇట్లా?"

"నీ మనవల పెండ్లి దాకా!" అన్నాడు ముసలాయన, దండ మెళ్లో వేసుకుంటూ.

మునస్వామి సంచి చంకన పెట్టుకున్నాడు. "సల్లగా ఉండు తాతా," అని వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాడు.

ఆ సోమవారానికి ఐదో రోజు తెల్లారి నారాయణప్ప నిజంగానే పోయాడు. మొండి గోడ వైపు ముఖం తిప్పుకుని పోయాడు. బయ్యమ్మ వచ్చి పాదం రెండుసార్లు గిల్లి చూసి, అప్పుడు కూడా లోగొంతుతోనే ఏడ్చింది. ఒకసారి ఏడ్చి వెళ్లినవాళ్లు రెండోసారి రాలేదు. పాడె మోయడానికి నలుగురు దొరకక, నాలుగో భుజం షంషుద్దీన్ పట్టాడు. కుప్పానికి ఇచ్చిన టెలిగ్రాముకు జవాబు లేదు.

కర్మలు ముగిసిన మర్నాడు గంగులప్ప తానే కుప్పం బయలుదేరాడు. మూడు నెలల మాట ఉంది, తండ్రి కోసం గొరిగించుకున్న గుండు సాక్ష్యంగా ఉంది. మునస్వామి వాకిట్లో పచ్చటి పందిరి. లోపల పిల్ల చేతులకు నలుగు పెడుతున్నారు. మేనమామ కొడుకుతో ముహూర్తం తెల్లారితేనట.

"రాండి గంగులప్పా, రాండి!" మునస్వామి నవ్వుతూ ఎదురొచ్చాడు. "మళ్లీ పోయినాడని టెలిగ్రాం వచ్చింది, ఇంటిల్లిపాదీ నవ్వుకున్న్యాం. తిరపతికి పోయొచ్చినారా? మీ నాయన బాగుండాడు గదా?"

పందిట్లో పసుపు బట్టల ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. పెండ్లింట నిలబడి చావుమాట చెప్పడానికి గంగులప్పకు నోరు రాలేదు.

నున్నటి గుండు ఒకసారి నిమురుకుని, రెండింటికీ అవునన్నాడు.