గీతను మూడు ముక్కలు చేసిన కేసు

“అలంపూరుల ఇగ ఏ నేరం దాగదు. ఎందుకంటే నేనున్న.”

యేసయ్య ఈ ప్రకటన చేసేటప్పటికి రజాక్ తన దుకాణంలో ఒక ప్యాంటుకు జిప్పు కుడుతున్నాడు. తలెత్తలేదు. వారానికి రెండుసార్లు వినే మాటకు తలెత్తితే కుట్టు వంకరపోతుంది.

యేసయ్య ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ సంగతి అతనికి ఇంకా పూర్తిగా తెలియదు. విజిల్ మెడలో వేసుకునే తిరుగుతాడు. ముఖం చూసి టికెట్ లేనివాణ్ని పట్టిన తనకు హంతకుడొక లెక్కా అంటాడు. ఆధారాలు దాచడానికి పాత టికెట్ల ట్రే ఒకటుంది. అందులో ఇప్పటికి చేరినవి రెండు గుండీలు, ఒక విరిగిన పిన్నీసు, తప్పిపోయిన బాలమ్మ మేక మెడలోని గంట. మేక దానంతట అదే ఇంటికొచ్చింది. గంట అడిగితే మాత్రం కేసు ఇంకా నడుస్తోందన్నాడు.

ఆ ఉదయం రజాక్ ధ్యాస కూతురి మీదుంది. సాదియా ఊళ్లో కొత్తగా పెట్టిన వరద హెచ్చరిక కేంద్రంలో కంప్యూటర్ పనికి కుదిరింది. తుంగభద్ర నీటిమట్టాన్ని తెర మీద గీతగా చూపించే బోర్డు తయారు చేయాలి. నీళ్లు ఇరవై అడుగుల లోపలుంటే గీత ఆకుపచ్చగా, ఇరవై ఎనిమిది దాకా పసుపుగా, ఆ పైన ఎర్రగా కనపడాలి. రెండు వేల తొమ్మిదిలో మునిగిన ఊరికి ఎరుపంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. అయితే మూడు రోజులుగా ఆ గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగానే వస్తోంది. పన్నెండింటికి పెద్దసారు వచ్చి చూస్తాడు. అప్పటికి సరికాకపోతే పని కర్నూలు మనిషికి పోతుంది. పిల్ల పొద్దున తినకుండానే వెళ్లింది.

దుకాణంలో కాజాలు కుట్టే అమ్మాయి పేరు కూడా గీతే. హైవే మీది చౌరస్తా నుంచి బస్సులో వస్తుంది. పది దాటినా రాలేదు. బస్సు ఆలస్యమైతే ఎవరికైనా అది ఆలస్యమే, యేసయ్యకు తప్ప.

యేసయ్య ఖాళీ స్టూలును చూశాడు. దాని మీదున్న సూదిని చూశాడు. గొంతు తగ్గించాడు.

“భాయ్, గుండె గట్టిగ చేసుకో. గీత ఇగ రాదు. మూడు ముక్కలు చేసిండ్రు.”

పొద్దున వరద కేంద్రం కిటికీ కింద చెప్పు సరిచేసుకుంటుంటే చెవిన పడిందట. లోపల ఒక ఆడగొంతు ఫోనులో చెబుతోందట. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు: “గీతను మూడు ముక్కలు చేసిన. అయినా మొత్తం ఎర్రగనే ఉంది. సారొచ్చి చూస్తే నా పని ఖతం.”

రజాక్‌కు అర్థమైంది. చెప్పడానికి నోరు తెరిచాడు. యేసయ్య విజిల్ ఊదాడు.

“ఆ గొంతు నీ బిడ్డది. నాకు ఎరికే. దోస్తు బిడ్డయినా, పాసున్నోడయినా, నా చెకింగుల అందరొక్కటే.”

అంటూనే వీధిలో పడ్డాడు. ఈ విజిల్ ఆ ఆఫీసులో మోగితే, కూతురి కొలువు పోవడానికి పన్నెండు దాకా ఆగాల్సిన పనే ఉండదని రజాక్‌కు తోచింది. కూతురి కోసం తెచ్చిన టిఫిను డబ్బా పట్టుకుని, దుకాణానికి తాళం వేసి వెంటపడ్డాడు.

కేంద్రం మెట్ల మీద ఎర్రటి మరక కనపడింది. యేసయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేలితో తాకాడు, వాసన చూశాడు. ముఖం మారింది.

“హంతకుడు జర్దా తింటడు.”

“అది పాన్ ఉమ్మి, యేసన్నా.”

“అదే చెప్తున్న” అంటూ యేసయ్య వేలిని రజాక్ చొక్కాకు తుడిచాడు.

లోపల సాదియా తెర ముందు కూర్చుని ఉంది. కళ్లు కూడా గీత రంగులోనే ఉన్నాయి. యేసయ్య లోపలికొచ్చి, దిగేవాళ్లను ఆపే కండక్టరులాగా ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. గీతను ఎట్లా ముక్కలు చేశావో ఒక్కటీ దాచకుండా చెప్పమన్నాడు. సాదియా తండ్రి వైపు చూసింది. రజాక్ ఫ్యాను వైపు చూశాడు. మూడు రోజులుగా ఆ పిల్లను ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. చెప్పింది.

“ముందుగాల ఎరుపు పెట్టిన మామా. అదే ముఖ్యం గదా. దానికి పై హద్దు లేదు, నీళ్లు ఎంత పెరిగినా ఎరుపే. దాని వెనుక ఇరవై ఎనిమిది దాక పసుపు. ఆఖరికి ఇరవై దాక ఆకుపచ్చ. హద్దులన్నీ సరిగ్గనే ఉన్నయ్. ఎందుకైతలేదో తెల్వదు.”

యేసయ్యకు హద్దులు అర్థం కాలేదు. వరుస మాత్రం నచ్చలేదు.

“గిదేం చెప్పుడు బిడ్డా? ఆఖరుతోని మొదలువెడ్తరా? గద్వాల బస్సుల నేను ముప్పై రెండేండ్లు టికెట్లు కొట్టిన. దగ్గరి స్టేజీ నుంచి దూరం స్టేజీకి పోవాలె. నువ్వు ఆఖరి స్టేజీ ముందు పట్టుకుంటే నడుమ దిగేటోడు ఏడున్నడు? బస్సంత ఆఖరు దాక పోయేటోళ్లే అయితరు.”

సాదియా చెయ్యి ఆగింది.

“మామా, మళ్లొక్కసారి చెప్పు.”

నేరస్తులు కాలం గుంజడానికి ఇట్లాగే అడుగుతారని యేసయ్య రజాక్‌కు వివరించాడు. అయినా తన మాట తనకే నచ్చి మళ్లీ చెప్పాడు. అప్పటికే ఆ పిల్ల తెర వైపు తిరిగింది. ఆకుపచ్చను మీదికి తెచ్చింది, ఎరుపును అడుక్కు తోసింది. ఆ యంత్రం హద్దులను రాసిన వరుసలోనే చదువుతుంది, ముందు సరిపోయిన రంగునే వేసేస్తుంది. హద్దు లేని ఎరుపు ముందు నిలబడితే ఇంకెవరికీ చోటుండదు.

గీత మారింది. కింద ఆకుపచ్చగా నడిచి, పోయిన నెల వానలకు పసుపుగా ఎక్కి, రెండే రోజులు ఎర్రబడి, మళ్లీ ఆకుపచ్చలోకి దిగింది. ఈ రోజు పద్దెనిమిది అడుగులు. ఒకే దారం, మూడు రంగులు, ఎక్కడా కుట్టు తెగలేదు. రజాక్ మిషను రెండు వేల తొమ్మిదిలో పది రోజులు నీళ్ల కిందుంది. ఆ మాట ఎప్పుడూ ఎత్తడు, ఇప్పుడూ ఎత్తలేదు. కూతురి ముందు టిఫిను డబ్బా తెరిచి పెట్టాడు.

“జర తిను ఇగ.”

“శవమేది?” అన్నాడు యేసయ్య. ఎవరూ పట్టించుకోలేదు. అలిగి వరండాలోకి పోయాడు.

పన్నెండింటికి పెద్దసారు వచ్చాడు. పాత లెక్కలు ఎక్కించమన్నాడు, కొత్త లెక్కలు ఎక్కించమన్నాడు. గీత చెప్పినట్టు విన్నది. పని సాదియాదేనని కాగితం మీద సంతకం పెట్టి, కలం మూస్తూ, తెర వైపు చూడకుండా అడిగాడు.

“ఇప్పుడు గీత ఎట్లుంది?”

“ఆకుపచ్చగ ఉంది సార్” అంది సాదియా.

“లేదు సార్” అని వరండాలోంచి యేసయ్య గొంతు వినిపించింది. “మస్తు ఎర్రగున్నది. ఇటే వస్తున్నది.”

పెద్దసారు కలం వదిలేసి ఫైళ్లు గుండెలకు హత్తుకుని బల్ల ఎక్కాడు.

యేసయ్య లోపలికి పరుగెత్తుకొచ్చి రజాక్ వెనుక నక్కాడు. అతని వెనుకే, తాళం వేసిన దుకాణం మెట్ల మీద పదిన్నర నుంచి ఎండలో కూర్చున్న గీత, ఎవరో సంగతి చెబితే, వచ్చింది. ముఖం కందిపోయి ఉంది, చేతిలో చెప్పుంది.

“దుకాణం బంద్ చేయించిన డిటెక్టివ్ ఏడి, రజాకన్నా?”

రజాక్ పక్కకు జరిగాడు.