పిల్లల రోబో, పెద్దల బంతులాట

పిల్లల రోబోను పెద్దలే తయారుచేయాలి. పిల్లల్ని దాని దరిదాపులకు కూడా రానివ్వకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. కాదనేవాళ్ళు ఒక్కసారి మా ఇంటి హాల్లోకి వచ్చి చూడండి!

సంగతేమిటంటే, పోయినేడాది మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బళ్ళో రోబో పోటీ పెట్టారు. రోబో తనంతట తానే బంతిని విసిరి ఆరడుగుల దూరంలో ఉన్న బుట్టలో వేయాలి. మా అమ్మాయి, ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి రెండు రోజుల్లో ఒకటి చేసేశారు. వంటింటి గరిటె ఒకటి, రబ్బరు బ్యాండ్లు నాలుగు, చిన్న మోటారు ఒకటి. మోటారు గరిటెను వెనక్కి లాగి వదిలేస్తుంది, బంతి ఎగిరిపోతుంది. పదింటికి ఆరు బుట్టలో పడ్డాయి. గరిటె కోసం వంటిల్లంతా గాలించిన మా ఆవిడ అది చూసి, "పోన్లెండి, దానికీ ఒక ఉద్యోగం దొరికింది" అంది.

అక్కడితో ఆగిపోతే ఏమయ్యేది? పిల్లలు సంతోషంగా ఉండేవారు. అంతకు మించి ఏం ఒరిగేది, చెప్పండి?

అదృష్టవశాత్తూ నేను ఇంట్లోనే ఉన్నాను. నాది బీమా కంపెనీలో ఉద్యోగం కనుక ప్రమాదాన్ని ముందే పసిగట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. "రబ్బరు తెగితే?" అని అడిగాను. "ఇంకోటి వేస్తాం" అంది మా అమ్మాయి. ఎంత బాధ్యతారాహిత్యం! వెంటనే మిగతా ఇద్దరు పిల్లల నాన్నల్నీ పిలిపించాను. ఇద్దరూ మా అపార్టుమెంటు వాళ్ళే. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన లిఫ్టు మెకానిక్కు. ఓ రోబోకు ఇంతకంటే ఏం కావాలి?

ముగ్గురం తులనాత్మక అధ్యయనం మొదలుపెట్టాం. డాక్టరుగారు స్ప్రింగు వైపు. గొట్టంలో స్ప్రింగు బిగించి వదిలితే ప్రతిసారీ ఒకే బలంతో తంతుందని ఆయన వాదన. నిజమే, ఒకే బలంతో తన్నింది. కాకపోతే రెండుసార్లు ఆయన బొటనవేలినే తన్నింది. మెకానిక్కుగారు చక్రాల వైపు. రెండు చక్రాలు పక్కపక్కన గిరగిరా తిరుగుతుంటే మధ్యలోకి బంతిని తోయాలి, అది దూసుకుపోతుంది. బ్యాటరీ నీరసిస్తే మాత్రం బంతి కూడా నీరసించి కాళ్ళ దగ్గరే పడుతుంది.

నేను ఎటు వైపూ లేను. నేను పట్టిక వైపు. దూరం, గురి, బరువు, చప్పుడు, వేళ్ళకు ప్రమాదం అంటూ పదకొండు గళ్ళు గీశాను. మూడు వారాలు సాగింది, చివరికి చక్రాలు నెగ్గాయి. డాక్టరుగారి బీపీ తగ్గింది. నాలుగేళ్ళుగా మెట్ల మీద ఎదురుపడితే తలకాయ ఊపి పోయేవాళ్ళం, ఇప్పుడు ఏరా అంటే ఏరా అనుకుంటున్నాం. ఇన్ని లాభాలున్న వ్యాయామం ఇంకోటి చూపించండి!

మధ్యలో మా అమ్మాయి ఒకసారి అడ్డం వచ్చింది.

"నాన్నా, మా గరిటెదే పెట్టుకుంటాం. బాగానే పడుతున్నాయి కదా."

"ఆరు చాలవమ్మా. మనం గెలవాలి."

"మనం అంటే ఎవరు నాన్నా?"

చూశారా పెంకితనం! మన భాషలో 'మనం' అనే మాట ఉన్నదే ఇందుకు. 'మేం' అంటే ఎదుటివాళ్ళు బయటే ఉండిపోతారు. 'మనం' అంటే వాళ్ళను అడక్కుండానే లోపలికి లాగేసుకోవచ్చు. ఆ మూడు వారాలూ నేను వేరే మాట వాడలేదు. మనం చక్రాలు పెడుతున్నాం. మనం గరిటె తీసేస్తున్నాం.

పోటీ రోజు మన చక్రాలు పదింటికి తొమ్మిది వేశాయి. నాన్నలం ముగ్గురం కౌగిలించుకున్నాం. తర్వాత న్యాయనిర్ణేత ఒకావిడ వచ్చి పిల్లల్ని మాత్రమే దగ్గరకు పిలిచింది. మమ్మల్ని తాడుకు ఇవతల నిలబెట్టారు.

"గరిటెలూ, స్ప్రింగులూ కూడా చూశాం ఇవాళ. మీరు చక్రాలే ఎందుకు ఎంచుకున్నారమ్మా?"

జవాబు నేను ముందే రాసిచ్చాను. మా అమ్మాయి ఆ కాగితం తీయనే లేదు.

"మేం ఎంచుకోలేదండీ. నాన్నవాళ్ళు ఎంచుకున్నారు."

"మరి మీరేం చేశారు?"

"బంతులు ఏరామండీ."

ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా అనలేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. తాడుకు ఇవతల ముగ్గురు పెద్దమనుషులం నేలచూపులు చూశాం. నాకు నిజంగానే సిగ్గేసింది. కప్పు మాకు రాలేదు. 'మాకు' అని ఎందుకంటున్నానంటే, పిల్లలకు దాని గురించి బాధేమీ లేదు.

అయినా నా సిద్ధాంతం వదులుకోను. రోబో ఉన్నచోట పెద్దలు ఉండి తీరాలి! ఈ ఏడాది దరఖాస్తు మా అమ్మాయే నింపింది, సహాయకుడు అన్నచోట నా పేరే రాసింది. గరిటె ఇప్పుడు పదింటికి ఏడు వేస్తోంది. మిగతా మూడూ సోఫా కిందికి దొర్లుతాయి. నిన్న సాయంత్రం అక్కడ బోర్లా పడుకుని, చేయి చాచి మూడో బంతిని అందుకుంటూ, "గరిటెను ఇంకాస్త పైకి వంచితే మనం..." అని మొదలుపెట్టాను.

"మేం చూసుకుంటాం నాన్నా. నువ్వు బంతి ఇటివ్వు" అంది.