మూడో వద్దు

మర్యాద అనేది రెండు సెమిస్టర్ల కోర్సు. తక్కినదంతా పుకారు.

ఈ సంగతి తెలియకే మా అక్క కూతురు హోటల్ మేనేజ్‌మెంట్ చదవడానికి విదేశం వెళ్లింది. (తెలిసినవాళ్లు చదువుకోరు, చదువు చెబుతారు.)

మొదటి ప్రాక్టికల్‌లో ఒక ప్రొఫెసర్ అతిథి వేషం కట్టి కూర్చున్నాడు. పిల్ల సూప్ వడ్డించి, "ఇంకొంచెం?" అంది. వద్దన్నాడు. మన ఇళ్లలో మొదటి వద్దు మొహమాటం, రెండోది మర్యాద, మూడోది మాత్రమే వద్దు. పాపం పిల్ల ఆ లెక్కలోనే ఉంది. "మీరసలేం తినలేదు" అంటూ గరిటె వంచింది. ఆయన గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాడు. (మన దగ్గర దానర్థం, సగం గరిటె చాలని.) సగం గరిటె చేతి మీద పడింది.

మార్కులు సున్నా. కారణం, 'అతిథిపై బలప్రయోగం'. ఆ దేశపు ఆతిథ్య శాఖలో నిరాకరణల విభాగం డిప్యూటీ డైరెక్టర్ నోటీసిచ్చాడు. అతిథిని రెండోసారి అడుగరాదు. మళ్లీ తప్పినచో వీసా రద్దు, ఇంటికి ప్రయాణం. ఆ నోటీసు కోసం పిల్ల ఆ శాఖ వరండాలో మూడు గంటలు నిలబడింది. (కుర్చీలున్నాయి. అవి 'అతిథిని కూర్చోబెట్టడం' అనే పాఠం చెప్పడానికి.)

"అదేంటే, ఇంకాస్త వేసుకోమంటే నేరమా?" అంది అక్క ఫోన్‌లో.

"ఇక్కడంతేనమ్మా. నువ్వూ నన్ను ఏదైనా ఒక్కసారే అడుగు. లేకపోతే నాకూ ఆ అలవాటు పోదు. ఈసారి తప్పితే ఇంటికి పంపించేస్తారు."

"సరేలేవే. నీ చదువుకన్నా ఎక్కువా."

ఆడినమాట తప్పే మనిషి కాదు మా అక్క. ఇంట్లో కూడా అమల్లో పెట్టింది. ఆ వారం నేను వెళ్లి, అలవాటుకొద్దీ కాఫీ వద్దన్నాను. నిజంగానే రాలేదు.

రెండో పరీక్షకీ అదే ప్రొఫెసర్. పొద్దుట్నుంచీ తీరిక లేక ఆయన ఏమీ తినలేదు. ఆయన కడుపులో చప్పుడు గదంతా వినబడుతోందట. "ఇంకొంచెం?" అంది పిల్ల. ఆయన గిన్నెవైపే చూస్తూ వద్దన్నాడు. పిల్ల టక్కున మూత పెట్టేసింది. ఆయన ఆ మూతని కాసేపు చూసి, నూటికి నూరు వేశాడు.

ఆ సాయంత్రం పిల్ల ఫోన్ చేసినప్పుడు నేనూ అక్క పక్కనే ఉన్నాను. మార్కులు చెప్పింది, పరీక్ష కబుర్లు చెప్పింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని ఆ గొంతే చెబుతోంది.

"తిన్నావా?" అంది అక్క.

"ఆఁ, తిన్నానమ్మా."

అక్క నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. "సరే" అని ఫోన్ పెట్టేసింది.

నిబంధనల ప్రకారం, అక్కకీ నూటికి నూరే.