నిమిషానికి తొంభై

ఆ ఆదివారం పొద్దున కరీముద్దీన్ సార్ ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. చచ్చిపోయిన నక్షత్రం కదలికను పట్టుకోవాలి.

ఆయన తాండూరులో సైన్సు పంతులు. సూర్యుడంత బరువుతో ఊరంత సైజుకు ముడుచుకుపోయిన ఒక నక్షత్రం, నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరుగుతుందని ఆ ఏడు, అంటే డెబ్బై నాలుగులో, చదివాడు. దాని ఒంటి మీద చిన్న బొడిపె ఉన్నా చాలు, చుట్టుకు రెండేసి అలలు ఆకాశమంతా పాకి భూమిని సన్నగా ఊపుతాయట. లెక్క కడితే నిమిషానికి తొంభై. ఉరుములా వచ్చిపోయేవి కావు, ఏళ్ల తరబడి ఆగకుండా వచ్చేవి. ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు.

వెనకగది దూలానికి ఇనుప తీగతో క్వింటాలు నాపరాయి వేలాడదీసి, దానికి అద్దం ముక్క అంటించాడు. కిటికీ ఎండ అద్దం మీద పడి ఎదుటి గోడ మీద వెలుగు చుక్కవుతుంది. బండ వెంట్రుకవాసి కదిలినా చుక్క కదులుతుంది.

చుక్క ఆ పొద్దున గంతులేస్తోంది. పక్కింటి ఈశ్వరమ్మ మిరపకాయలు దంచుతోంది మరి.

"ఈశ్వరమ్మా, జర దంచుడు ఆపు. భూమి ఊగేది ఇయ్యాల తెలుస్తది," అన్నాడు సార్ గోడ మీంచి.

ఆమె రోకలి పక్కన పెట్టి, భూమి ఊగుతుందని సారే చెప్పాడని మరిది దేవప్పకు చెప్పింది. అతను పిండిగిర్ని ఆపి, పిల్లల్ని వెంటబెట్టుకుని స్టేషన్ పక్క మైదానానికి నడిచాడు. గిర్ని ఆగితే కారణం అడగని ఊరుంటుందా? పది గంటలకల్లా భూకంపానికి ముహూర్తం కూడా ఖాయమైంది. అంగళ్లు మూతపడ్డాయి. బండ్లు కదల్లేదు. కరణ్‌కోట గనులకు పోయే పనివాళ్లు బస్సు దిగి వెనక్కొచ్చారు.

ఇవేవీ సార్‌కు తెలియవు. దూలం కింది గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఒక్కొక్క చప్పుడే రాలిపోయి, ఊరు నీళ్లడుగున ఉన్నట్టయింది. అప్పుడు చుక్క గంతులు మాని, నిద్రపోయే పసిపాప పొట్టలా సన్నగా, సమంగా కదలసాగింది. గడియారం పెట్టి లెక్కించాడు. తొంభై. మూడుసార్లు లెక్కించినా తొంభైయే. ఎన్ని వందల ఏళ్ల కింద బయలుదేరిందో ఆ అల, తన గోడ మీదికొచ్చి సలాం చేస్తోంది. ఆయన కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం రైలుకు భార్య ఖుర్షీద్ వచ్చింది. వికారాబాద్‌లో నర్సు ఆమె. ఊరంతా మైదానంలో పొయ్యిలు పెట్టి వండుకోవడం చూసి, సంగతి కనుక్కుని ఇల్లు చేరింది.

"లోకంల ఎవ్వరికీ దొరకలే ఖుర్షీద్. మనింట్ల దొరికింది," అన్నాడు సార్.

ఆమె చుక్కను చూసింది, ఆయన్ను చూసింది, గుంజను చూసింది. ఆయన మణికట్టు పట్టుకుని నిమిషం పాటు గడియారం వైపు చూసింది.

"తొంభై," అంది. "జర గుంజ కాడికెల్లి లేవుండ్రి."

ఆయన లేచాడు. చుక్క నిలిచిపోయింది. కూర్చున్నాడు. కదిలింది.

ఖుర్షీద్ నవ్వలేదు. "మంచిగనే కొట్టుకుంటున్నది. ఫికర్ లేదు," అని, ఊరి సంగతి చెప్పింది.

సార్ మైదానానికి పరుగెత్తి, భూకంపం లేదు, ఏమీ లేదని అందరికీ చెప్పాడు. తాము భయపడకూడదనే సార్ గట్లంటున్నాడని ఈశ్వరమ్మ అందరికీ సర్దిచెప్పి, ఆయనకూ విస్తరి వేసింది. పొద్దు వాలేదాకా ఒక్కరూ ఇంటిమొహం పట్టలేదు.

మర్నాడు హెడ్మాస్టరు సంజాయిషీ రాసిమ్మన్నాడు. అబద్ధం రాయడం చేతగాని సార్, "ఆదివారం జరిగినదానికంతటికీ నా గుండె కారణం" అని ఒక్క వాక్యం రాసిచ్చాడు.

నాలుగు రోజుల మెడికల్ సెలవు మంజూరైంది.