అసలు జాబితాలో ఎడమ కన్ను

మా కంటి ఆసుపత్రి వెబ్‌సైటులోని ఆపరేషన్ల జాబితా అత్యంత పవిత్రమైనదనీ, దాని మీద ఎవరూ చెయ్యి వేయరాదనీ సోమవారం సర్క్యులర్ వెలువడింది. అందరం సంతకాలు పెట్టాం. కొందరు చదివారు కూడా.

దీనికంతటికీ మూలం ఏడో పేరు. అది ఒక టైలరు తాతది. శుక్లం ఆయన కుడి కంటికి వస్తే, జాబితాలో ఎడమ అని పడింది. దిద్దమంటే, వెబ్‌సైటు చూసే అమ్మాయి డైరెక్టరు గారికి తన వృత్తిధర్మం వివరించింది.

"పాత జాబితాను ముట్టుకోకూడదు సార్. నకలు తీసి, అందులో ఏడో వరుస ఒక్కటే మార్చాలి. ఇక అందరికీ ఆ నకలే చూపించాలి."

డైరెక్టరు గారు మహాజ్ఞాని కాబట్టి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. "ముట్టుకోకూడదు! ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేను చేసింది అదేనమ్మా!" అని కళ్ళు తుడుచుకున్నారు.

కుడి కన్ను అని దిద్దిన నకలు భద్రంగా బీరువాలోకి వెళ్ళింది. దానికి ఇంకో నకలు తీసి, అందరూ చూసి నేర్చుకోవాలని గోడకు అంటించారు. ఆపరేషన్ గదికి మాత్రం, మర్యాద కోసం, అసలు జాబితానే పంపారు.

బుధవారం తాత బల్ల మీద పడుకున్నాడు. నర్సు ఎడమ కంట్లో మందు వేయబోయింది.

"అది కాదమ్మా, కుడిది! ఎడమదానితోనే సూదిలో దారం ఎక్కిస్తున్నా. ఇదీ పోతే నా బతుకేం కాను?"

"నకల్లో కుడే ఉంది తాతగారూ. అసల్లో ఎడమ ఉంది. నన్నేం చేయమంటారు?"

డాక్టరమ్మ డైరెక్టరు గారికి ఫోన్ చేసింది.

"ఆరు నూరైనా జాబితా మారదు," అన్నారాయన. "ఆయన్నే ఇంకోసారి ఆలోచించుకోమనండి."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి, నిబంధనలకు విరుద్ధంగా, టార్చి వేసి తాత కళ్ళలోకి చూసింది. శుక్లం ఉన్న కంటికే ఆపరేషన్ చేసింది. ఆమెకు సాయంత్రానికల్లా మెమో అందింది. తాత గట్టెక్కినందుకు నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

జాబితా చెక్కు చెదరకుండా ఆపరేషన్ జరిగినందుకు మర్నాడు విజయోత్సవ సభ. ఫోటోలో కట్టు రికార్డు ప్రకారం ఎడమ కంటికే ఉండాలి. కుడి కంటి కట్టు విప్పడానికి డాక్టరమ్మ ససేమిరా అంది. అందుకని ఎడమ కంటికి కూడా ఒకటి కట్టి, తాతను వేదిక మీద కూర్చోబెట్టారు.

"మా సంస్థలో దాపరికం లేదు!" అని డైరెక్టరు గారు గర్జించారు.

"నాకేమీ కనిపించట్లేదు బాబూ," అని తాత పక్కనే కూర్చున్న నా చెవిలో అడిగాడు. "అంతా సరిగ్గానే జరుగుతోందా?"

మా కళ్ళన్నీ తెరిచే ఉన్నాయి. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.